కావలి నుంచి పది రోజుల కారు ప్రయాణం: రెండు పార్కులు, ఒక కొండ, ఒక సముద్రం

కావలి నుంచి ఎర్టిగాలో అయిదుగురు. మీరు, మీ ఆవిడ, 14 ఏళ్ల పాప, 9 ఏళ్ల బాబు, 68 ఏళ్ల అమ్మగారు. బండి తోలేది మీరొక్కరే. మే రెండో వారంలో పది రోజులు. చూడాలనుకున్నవి: బిడది, కొచ్చి, చెన్నైల్లో అమ్యూజ్‌మెంట్ పార్కులు, ఊటీ, మున్నార్, అతిరప్పిళ్లి జలపాతం, ఏర్కాడు, తిరిగొచ్చేటప్పుడు పులికాట్ పక్షులు. ఇదీ మీ ప్రశ్న.

ఈ పట్టీ పది రోజుల్లో పట్టదు. మొత్తం కలిపితే 2,400 కిలోమీటర్లు దాటుతుంది, అందులో మూడు ఘాట్లు. కాగితం మీద రోజుకు 240 అంటే తేలిగ్గానే కనిపిస్తుంది. కానీ పార్కు రోజు బండి కదలదు, కొండ మీద గంటకు 25 కిలోమీటర్లు వస్తే గొప్ప. దాంతో మిగిలిన రోజుల మీద 400, 450 పడతాయి. ఇలాంటి ప్రయాణానికి దూరం కొలత కాదు, అలసట కొలత. మూడు సూత్రాలు పెట్టుకుంటే పట్టీ దానంతటదే తేలుతుంది: పార్కు రోజు బండి తోలకూడదు, పార్కు మర్నాడు మూడు గంటలకు మించి తోలకూడదు, ఘాట్ రోడ్డు మధ్యాహ్నానికి ముందే అయిపోవాలి. ఏడు గంటలు ఎండలో, నీళ్లలో నానిన తండ్రి ఆ రాత్రికి హుషారుగానే ఉంటాడు. మర్నాడు పదకొండు గంటలకు స్టీరింగు ముందు కళ్లు మూతలు పడతాయి.

అందుకని కేరళ మొత్తం తీసేయండి. కొచ్చి పార్కు 2000లో, బిడదిది 2005లో, హైదరాబాదుది 2016లో, చెన్నై దగ్గరిది 2025 డిసెంబరులో మొదలయ్యాయి. నాలుగూ వండర్‌లా వాళ్లవే. కొన్ని రైడ్లు వేరే అయినా, అలల కొలను, జారుడు గొట్టాలు, రోలర్ కోస్టర్లు అన్నిచోట్లా ఉంటాయి. రెండు చూశాక మూడోదానికి పిలకాయలకే ఉత్సాహం తగ్గుతుంది. మున్నార్, అతిరప్పిళ్లి కలిపి ఇంకోసారి, వర్షాలు తగ్గాక, రైల్లో ఎర్నాకుళం దిగి అక్కడ కారు మాట్లాడుకుని చూడటం మేలు.

తేదీల సంగతి ఇంకా ముఖ్యం. మే రెండో వారం ఊటీకి వెళ్లడానికి ఏడాదిలోకెల్లా కష్టమైన సమయం. తమిళనాడు, కర్ణాటక, మన రాష్ట్రం, మూడింటికీ సెలవులే, పైగా పూల ప్రదర్శన జరిగేది ఆ నెలలోనే. అదే జూన్ మొదటి వారమైతే కర్ణాటక బడులు మే ఆఖరుకే తెరుచుకుంటాయి, తమిళనాడువి కూడా సాధారణంగా ఆ దరిదాపుల్లోనే. మనవి మాత్రం జూన్ 12 దాకా తెరవరు. ఆ పది రోజులు ఆంధ్రా పిలకాయలకు దొరికిన వరం. పార్కుల్లో వరుసలు చిన్నవి, హోటళ్ల అద్దెలు దిగుతాయి, ఇంటి దగ్గర రోహిణి కార్తె ఎండ తప్పుతుంది. తమిళనాడు బడుల తేదీ ఏటా కాస్త అటూ ఇటూ అవుతుంది, అది చూసుకుని గదులు తీసుకోండి. నైరుతి రుతుపవనాలు కేరళను తాకేది కూడా సగటున జూన్ 1నే. కేరళ వద్దనడానికి అదింకో కారణం. ఊటీలో ఆ వారం జల్లులు పడతాయి, భయపడాల్సినంత కాదు. జూలైకి వాయిదా వేస్తే మాత్రం కొండచరియల కాలంలోకి పోతారు.

ఇక దారి. సోమవారం బయల్దేరి వచ్చే బుధవారానికి ఇల్లు చేరే లెక్క. మొత్తం 1,800 కిలోమీటర్లు అనుకోండి. నిండు బరువు, ఏసీ, ఘాట్లు కలిపి లీటరుకు 14 వస్తే 130 లీటర్ల దాకా పెట్రోలు. మన దగ్గర ట్యాంకు నింపుకోవద్దు. కర్ణాటకలో, తమిళనాడులో లీటరు మీద కొన్ని రూపాయలు తక్కువ. పలమనేరు దాటి నంగలి సరిహద్దు దాకా చాలినంత పోయించుకుని అక్కడ నింపండి. సీఎన్‌జీ ఎర్టిగా అయితే వెనక సిలిండరు ఉంటుంది కాబట్టి సామాను మూడో వరుస సీట్లు మడిచి పెట్టుకోవాలి. అయిదుగురే కాబట్టి సరిపోతుంది. పైన క్యారియరు కట్టొద్దు, మలుపుల్లో బండి ఊగుతుంది.

సోమవారం కావలిలో తెల్లవారుజామున 4 గంటలకు కదలండి. నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బిడదికి 470 నుంచి 480 కిలోమీటర్లు. ప్రయాణం మొత్తంలో ఇదే పెద్ద రోజు, ఒళ్లు తాజాగా ఉన్న మొదటి రోజే పెట్టింది అందుకే. చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్‌లో లారీల వెనక ఓపిగ్గా ఉండండి, ఓవర్‌టేక్ చేసి మిగిలేది అయిదు నిమిషాలే. బెంగళూరు పొలిమేరకు పన్నెండు, ఒంటిగంట మధ్య చేరాలి. కేఆర్ పురం, టిన్ ఫ్యాక్టరీ, సిల్క్ బోర్డు దగ్గర పొద్దున పదకొండు లోపల పడ్డా, సాయంత్రం నాలుగు దాటాక పడ్డా రెండు గంటలు పోతాయి. హోసూరు రోడ్డు దాకా వచ్చి, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర నైస్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోకుండా మైసూరు రోడ్డులో దిగుతారు. అమ్మగారికి అంత సేపు కూర్చోవడం కష్టమంటే ఆదివారం సాయంత్రమే తిరుపతి చేరి పడుకోండి, సోమవారం 290కి దిగుతుంది.

టోల్ సంగతి ఇక్కడే చెప్తా. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది: మొదలైనప్పుడు 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అది. వెంకటాచలం, బూదనం గేట్ల మీదుగా ఏటా నాలుగైదుసార్లు చెన్నైకి పోయే కుటుంబానికి ఈ ఒక్క ప్రయాణం కలుపుకున్నా గిట్టుతుంది. అయితే అది జాతీయ రహదారుల గేట్లకే. నైస్ రోడ్డుకు, మహాబలిపురం దగ్గర సముద్ర తీరం వెంట పోయే ఈసీఆర్ రోడ్డుకు, చెన్నై అవుటర్ రింగు రోడ్డుకు విడిగా కట్టాలి. పాస్ ఉంది కదా అని ట్యాగులో డబ్బు లేకుండా పోతే గేటు దగ్గర ఇరుక్కుంటారు, వెయ్యి రూపాయలు ఉంచండి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయాలి.

మంగళవారం బిడది పార్కు. ముందురోజు రాత్రి కాదు, ఇంటి దగ్గర ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది. బాబును చెప్పులు విప్పించి గోడకు ఆనించి నిలబెట్టండి. మడమలు గోడకు తగలాలి, చూపు నేరుగా ఉండాలి. తల మీద అట్ట పుస్తకాన్ని గోడకు నిలువుగా ఆనించి పెన్సిలు గీత గీసి టేపుతో కొలవండి. పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్లు కావాలి. తొమ్మిదేళ్ల వాళ్లు చాలామంది 130 దగ్గరే ఉంటారు. గేటు దగ్గర కొలతబద్ద ముందు నిలబెట్టి వద్దన్నాక అక్కయ్య ఒక్కతే ఎక్కుతుంటే ఆ పిల్లాడి రోజంతా పాడవుతుంది. ముందే చెప్పి, వాడు ఎక్కగలిగేవి వెబ్‌సైటులో వాడితోనే ఏరించండి. టికెట్టు కూడా ఎత్తును బట్టే: 85 సెంటీమీటర్ల లోపు ఉచితం, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్టు.

బట్టలు రెండో సంగతి. నీళ్ల రైడ్లకు నైలాను, పాలిస్టరు బట్టలే. నూలు చీర, చుడీదారు, జీన్సు ఒప్పుకోరు. నూలు తడిస్తే బరువెక్కి గొట్టంలో మనిషి మధ్యలో ఆగిపోతాడు, వెనకొచ్చేవాడు గుద్దుకుంటాడు. దాని పీచు వడపోత యంత్రాల్లో చేరుతుంది. జిప్పులు, గుండీలు ఫైబరును గీస్తాయి. అక్కడ కొంటే ఖరీదు ఎక్కువ, నెల్లూరులోనే తలా ఒక జత తీసుకోండి. మీ ఆవిడకు మోకాళ్ల కింది దాకా వచ్చే లెగ్గింగు, పొడవు చేతుల పై చొక్కా దొరుకుతాయి. కళ్లద్దాలకు వెనక కట్టే తాడు తీసుకోండి. బయటి తిండి లోపలికి రానివ్వరు.

తెరిచేది 11కి, మీరు 10:15కే గేటు దగ్గర ఉండాలి. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే మంగళవారం వరుసలో ఆగకుండా పోనిచ్చే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు అక్కర్లేదు, ఆ డబ్బు దండగ. బిడదిలో ఆ రోజుల్లో సాయంత్రం ఉరుములతో వాన పడటం మామూలు. మెరుపు కనిపిస్తే ఎత్తైన రైడ్లన్నీ ఆపేస్తారు. అందుకని ఇక్కడ పొద్దున్నే, ఖాళీ కడుపు కాకుండా తేలికైన టిఫినుతో, రోలర్ కోస్టర్లు ముందు ముగించండి. గేటు పక్కనున్న రైడు దగ్గరే అందరూ ఆగుతారు, మీరు చివరికి నడిచి అక్కణ్నుంచి వెనక్కి రండి. రెండుకు భోజనం, తర్వాత గంటసేపు తిరిగేవి, తలకిందులయ్యేవి వద్దు. అప్పుడు అలల కొలను.

అమ్మగారు ఏడు గంటలు బెంచీ మీద కూర్చోవడం న్యాయం కాదు. పార్కును ఆనుకుని వాళ్లదే రిసార్టు ఉంది. ఖరీదే, కానీ ఈ ప్రయాణంలో ఒక్క చోట డబ్బు ఎక్కువ పెట్టాలంటే ఇక్కడే పెట్టండి. ఆవిడ పొద్దున రెండు గంటలు మనవల్ని చూసి, గదికి పోయి పడుకుని, నాలుగింటికి మళ్లీ రావచ్చు.

బుధవారం మైసూరు, 115 కిలోమీటర్లే. ఎక్స్‌ప్రెస్‌వే మీద 100కి మించి పోవద్దు, కెమెరాలు ఉన్నాయి. మద్దూరు వడ తినాలంటే ఎక్స్‌ప్రెస్‌వే దిగి పాత రోడ్డులోకి రావాలి, పైన హోటళ్లు ఉండవు. ప్యాలెస్సు దీపాలు ఆదివారాలు, పండగల్లోనే పూర్తిగా వెలుగుతాయి, బుధవారం వాటి కోసం ఎదురు చూడకండి. పగటిపూట ప్యాలెస్సు, సాయంత్రం చాముండి కొండ చాలు.

గురువారం పొద్దున ఆరున్నరకు మైసూరు వదలండి. గుండ్లుపేట, బందీపూర్, తెప్పక్కాడు, గూడలూరు, ఊటీ, 160 కిలోమీటర్లు. తెప్పక్కాడు దగ్గర ఎడమకు మసినగుడి దారి చూపిస్తుంది ఫోను, 35 కిలోమీటర్లు తగ్గుతుందని. ఆ దారిలో కల్హట్టి దగ్గర 36 హెయిర్‌పిన్ మలుపులు, చాలా చోట్ల ఫస్టు గేరులో ఈడ్చాల్సిన నిట్టనిలువు ఎక్కుడు. కొండ రోడ్డు కొత్తగా తోలేవాళ్లు, నిండు బండి, ఆ దారి వద్దే వద్దు. బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. పగలు కూడా ఆపడం, హారను కొట్టడం, కోతులకు అరటిపళ్లు వేయడం చేయకండి.

నీలగిరికి ఈ-పాస్ లేకుండా పోలేరు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి అమల్లో ఉంది. 2025లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లకే అని కోర్టు పరిమితి పెట్టింది. మీరు గురువారం ఎక్కడానికి ఇదొక కారణం. గది ఖాయం కాగానే బండి నంబరు, మనుషుల లెక్క, తేదీలు, బస చిరునామా పెట్టి ఆన్‌లైన్‌లో తీసుకోండి, రుసుము లేదు. అడవిలో సిగ్నలు ఉండదు, క్యూఆర్ కోడును ఫొటోగా దాచుకుని ఒకటి అచ్చు తీసుకోండి. కక్కనల్ల చెక్‌పోస్టులో అదే చూస్తారు, అక్కడే ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తీసేసుకుంటారు. తలా ఒక స్టీలు సీసా పెట్టుకోండి.

ఎక్కేటప్పుడు మలుపుల్లో పద్ధతి ఇది. ఎదురుగా ఎక్కి వచ్చే బండికే ముందు దారి, దిగేవాడు ఆగాలి. మలుపుకు పది గజాల ముందే గేరు తగ్గించండి. మలుపులోకి పోయాక క్లచ్ తొక్కి గేరు మారిస్తే బండి ఊపు చచ్చి వెనక్కి జారుతుంది. లారీ మలుపు తీసుకుంటుంటే లోపలి ఖాళీలో దూరొద్దు, దాని వెనక చక్రాలు అక్కడికే వస్తాయి. వాంతులొచ్చే పిల్లను ముందు సీటులో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు చూడమనండి, ఫోను ఇవ్వొద్దు. అవోమిన్ లాంటి మాత్ర వేస్తే బయల్దేరే ముందే వేయాలి, పిల్లలకు మోతాదు మీ డాక్టరును అడగండి. వాంతి మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు.

ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. శుక్రవారం పొద్దున ఎనిమిదికల్లా పైకారా వైపు పోండి, రద్దీ ఊళ్లోంచి అటు బయల్దేరేది పది తర్వాతే. దొడ్డబెట్ట శిఖరం, 2,637 మీటర్లు, మబ్బు లేని పూటకు వదిలేయండి. మబ్బులో పోతే కనపడేది తెల్ల గోడే. అమ్మగారికి, పిలకాయలకు ఊటీ నుంచి కూనూరు దాకా కొండ రైలు టికెట్లు ముందే తీసుకోండి. 19 కిలోమీటర్లు, గంట పైచిలుకు. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చిన లైను అది. మెట్టుపాళయం నుంచి పైకి పూర్తి ప్రయాణమైతే అయిదు గంటలు, మీ ప్లానులో పట్టదు.

శనివారం దిగడం. జనమంతా పైకి ఎక్కే రోజు మీరు కిందికి దిగుతారు. కూనూరు నుంచి మెట్టుపాళయం దాకా 14 హెయిర్‌పిన్లు, అంతా దిగుడే. సెకండు గేరులో పెట్టి ఇంజనుతో ఆపుకుంటూ దిగండి, బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా తొక్కి వదిలేయాలి. కాలు బ్రేకు మీదే ఆన్చి దిగితే డిస్కులు కాలి, ఆ వేడికి బ్రేకు ఆయిల్లో చేరిన తేమ మరిగి బుడగలు కట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కాలిన రబ్బరు వాసన రాగానే వెడల్పు చోట చూసి ఆపండి. గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టండి. అరగంట ఆగండి. వేడి డిస్కు మీద నీళ్లు పోస్తే అది వంకర తిరుగుతుంది. బ్రేకు ఆయిలు మార్చి రెండేళ్లు దాటితే కావలిలోనే మార్పించుకుని బయల్దేరండి, కొన్ని వందల రూపాయల పని. సాయంత్రానికి సేలం చేరి పడుకోండి. ఏర్కాడు పైనే ఉంది, 20 హెయిర్‌పిన్లు. ఊటీ చూసిన కళ్లకు శనివారం రద్దీలో అది ఆనదు, వదిలేయండి.

ఆదివారం అయిదున్నరకు సేలం వదిలితే ఆత్తూరు, ఉళుందూరుపేట, తిండివనం మీదుగా 300 కిలోమీటర్లు, మధ్యాహ్నానికి మహాబలిపురం. సాయంత్రమైతే తిండివనం, చెంగల్పట్టు మధ్య సొంతూళ్ల నుంచి చెన్నైకి తిరిగొచ్చే బండ్లతో రోడ్డు నిండిపోతుంది.

సోమవారం తిరుప్పోరూరు దగ్గర ఇల్లలూరులోని చెన్నై పార్కు. ఇక్కడ వరస తిరగేయాలి. జూన్ ఎండకు మధ్యాహ్నం సిమెంటు మీద అరికాలు పెట్టలేరు. పన్నెండు నుంచి నాలుగు దాకా నీళ్లలోనే ఉండి, పొద్దున ఒక గంట, నాలుగు తర్వాత మిగతా సమయం పెద్ద రైడ్లకు ఇవ్వండి. పట్టాల కింద కాళ్లు వేలాడుతూ పోయే తంజోరా రోలర్ కోస్టర్ పాప కోసం. నీళ్లకు పనికొచ్చే రబ్బరు చెప్పులు, ఓఆర్ఎస్ పొట్లాలు మర్చిపోవద్దు.

మంగళవారం ఏమీ పెట్టలేదు, కావాలనే. వాన వల్ల, జ్వరం వల్ల, పంక్చరు వల్ల వెనక ఏ రోజు జారినా ఇది పూడుస్తుంది. ఏదీ జారకపోతే పొద్దున ఏడింటికి సముద్రపు ఒడ్డు గుడి, సాయంత్రం ముట్టుకాడులో పడవ.

టైర్ల గురించి ఒక మాట, ఎందుకంటే మన వైపు ఎండాకాలం ప్రమాదాల్లో ఇది పెద్దది. "వేడికి గాలి పెరుగుతుంది, రెండు పాయింట్లు తగ్గించు" అని ఎవరో ఒకరు చెప్తారు. వినొద్దు. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కి పగులుతుంది. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద నిండు బరువుకు ఎంతని ఉందో అంత, పొద్దున బండి కదలక ముందు కొట్టించండి. టైరు మీద నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అరుగుదల బాగున్నా ఆరేడేళ్లు దాటినవి మార్చేయండి. స్టెప్నీలో గాలి చూసి, జాకీ, వీల్ స్పానరు పట్టి ఒక్కసారి నట్లు వదులు చేసి చూసుకోండి. షాపులో గన్నుతో బిగించిన నట్లు చాలాసార్లు చేత్తో రావు.

బుధవారం మహాబలిపురం నుంచి అయిదింటికి బయల్దేరి కేళంబాక్కం, వండలూరు దాకా వచ్చి అవుటర్ రింగు రోడ్డు ఎక్కితే చెన్నై ఊళ్లోకి పోనక్కర్లేదు. 300 పైన కిలోమీటర్లు, భోజనం వేళకు కావలి.

ఒంగోలు వాళ్లు ఇదే ప్లానుకు రానూపోనూ 70 చొప్పున కలుపుకోండి. గిద్దలూరు, కంభం వైపు వాళ్లకు నెల్లూరు రావడం చుట్టు. పోరుమామిళ్ల, మైదుకూరు, కడప, రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు పట్టుకోవాలి, ఆ దారిలో హార్స్‌లీ హిల్స్‌లో ఒక రాత్రి ఆగొచ్చు.

పులికాట్ సంగతి అడిగారు. జూన్‌లో అక్కడ రాజహంసలు (ఫ్లెమింగోలు) ఉండవు, దొరవారిసత్రం దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికన్లు) కూడా గూళ్లు ఖాళీ చేసి ఉంటాయి. అవి ఉండేది అక్టోబరు నుంచి మార్చి దాకా. దానికోసం ప్రత్యేకంగా ఒక జనవరి ఆదివారం దొరవారిసత్రం దాకా పోయి రండి. పొద్దున ఏడింటికి చేరితే నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద తల్లి గొంతులోకి తల దూర్చి మేత తీసుకునే పిల్లల్ని బైనాక్యులర్‌తో బాబే చూపిస్తాడు.